అడిగితేనే చెప్పే రిపోర్టులు

గంటివారిపాలెంలో ఎనిమిది రోజుల్లోపు ఎవరూ వచ్చి తీసుకెళ్లని పరీక్ష రిపోర్టు, తొమ్మిదో రోజు పొద్దున్నే లేచి, ఎవరిదైతే వాళ్ల ఇంటికి తనంతట తానే నడిచి వెళ్తుంది. సన్నగా, పొడుగ్గా, మడత నలగని తెల్ల బట్టలు కట్టుకున్న మనిషిలా ఉంటుంది. పేజీలు ఎక్కువున్న రిపోర్టు కాస్త ఒళ్లు చేసినట్టు కనపడుతుంది. అంతకు మించి తేడా ఏమీ ఉండదు. మంచి కబురు మోసేదీ, చెడ్డ కబురు మోసేదీ ఒక్కలాగే తల వంచుకుని నడుస్తాయి.

మొదట్లో వీటికి తోడెవరూ ఉండేవాళ్లు కాదు. రిపోర్టులకు రోడ్డు దాటడం రాదు. మార్కెట్ యార్డు దగ్గర ఒకదాన్ని మేక మోచేతి దాకా నమిలింది. ఆ ఇంటాయనకు సగం జబ్బే తెలిసింది. తెలియని సగానికి తాను మందు వాడనని ఆయన రాతపూర్వకంగా ఇచ్చాడు. అప్పుడు పురపాలక సంఘం సమావేశమై 'రిపోర్టుల తోడు' అనే ఉద్యోగం ఒకటి మంజూరు చేసింది. అది వజ్రమ్మకు వచ్చింది.

వజ్రమ్మ అంతకు ముందు పంతొమ్మిదేళ్లు పొగాకు గ్రేడింగు కొట్టంలో ఆకులు ఏరింది. వేళ్లతో తడిమి ఏ ఆకు ఏ రకమో చెప్పగలిగేది. ఆ నేర్పు కొత్త పనిలోనూ అక్కరకొచ్చింది. రోజూ పొద్దున ల్యాబు ముందు వరసగా నిలబడిన రిపోర్టుల చేతులు పట్టుకుని, ఒక్కోదాన్నీ ఒక్కో ఇంటికి చేర్చి, తొమ్మిదో నంబరు ఫారం మీద రెండు కాపీల్లో సంతకం పెట్టించుకోవాలి. రిపోర్టులో ఏముందో ఆమెకు తెలియదు. ఎవరి రిపోర్టో ఆ మనిషే దాని ఎదుట నిలబడి "నా సంగతేంటి?" అని నోటితో అడగాలి. అప్పుడే అది నోరు తెరుస్తుంది. చెప్పాక మామూలు కాగితమైపోతుంది. అడగకపోతే చెప్పదు, వెళ్లదు. నియమావళి మొత్తం ఇంతే.

ఊరివాళ్లు అడిగేవాళ్లు కాదు.

ఈ అడగకపోవడంలో వాళ్లు చూపించిన నేర్పును వజ్రమ్మ మనసారా మెచ్చుకునేది. ఆమె సందు మలుపులో కనపడగానే ఒక మేస్త్రి గునపం తీసుకుని తన పెరట్లోనే తవ్వడం మొదలుపెట్టాడు. ఆమె నిలబడ్డంతసేపూ తవ్వాడు. ఆమె మళ్లీ మళ్లీ వచ్చింది, అతను మళ్లీ మళ్లీ తవ్వాడు. నెలకు నీళ్లు పడ్డాయి. వేసవిలో ఆ వీధి వీధంతా ఆ బావి నీళ్లే తాగింది. ఇంకొకాయన గెజిట్‌లో పేరు మార్చుకున్నాడు. రిపోర్టు ఆయన గడపలోనే రెండేళ్లు పాత పేరు మనిషి కోసం ఎదురుచూసింది. వీళ్లు తెలివితక్కువ వాళ్లని బయట ఊళ్లవాళ్లు అనుకునేవారు. వజ్రమ్మ ఒప్పుకునేది కాదు. అంత తెలివి, అంత ఓపిక మరో పనికి పెట్టి ఉంటే ఊరికి రైలు వచ్చి ఉండేదని ఆమె అభిప్రాయం.

పదింటిలో ఏడు రిపోర్టుల్లో భయపడాల్సిందేమీ ఉండదని ల్యాబువాళ్లు ఒకసారి లెక్క తీసి మైకులో చెప్పించారు. ఊరంతా విన్నది. విన్నాక, తమది మిగిలిన మూడింటిలోదేనని ఎవరింట్లో వాళ్లు నిశ్చయించుకున్నారు.

అలా ఊళ్లో నాలుగు వేల చిల్లర రిపోర్టులు కాపురం పెట్టాయి. అడగలేదన్న మాటే గానీ మర్యాదలో ఎవరూ లోటు చేయలేదు. కూర్చోవడానికి కుర్చీ వేశారు. పండక్కి కొత్త తెల్ల బట్టలు పెట్టారు. నోరు మెదపని చుట్టం బరువు కాదు గదా. కొన్నాళ్లకు రిపోర్టులు కూడా ఊరికే కూర్చోలేక పనులు అందుకున్నాయి. కరెంటు బిల్లు కట్టొచ్చేవి, బియ్యంలో రాళ్లు ఏరేవి. ఊరి మాట తీరు కూడా కొంచెం మారింది. పొరపాటున అడిగినట్టవుతుందని 'సంగతి' అనే మాటే వాడకం తప్పింది. ఎదురుపడితే "బాగున్నావా" అనేవాళ్లు. "బాగున్నా" అనే జవాబొక్కటే ఉండేది.

ఆ రోజుల్లోనే వజ్రమ్మ సన్నాయి విద్వాంసుడు నన్నేసాహెబ్ ఇంటికి రిపోర్టును తీసుకెళ్లింది.

నన్నేసాహెబ్‌కు యాభై ఎనిమిదేళ్లు. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఊరి శ్రీరామనవమి కల్యాణానికి సన్నాయి ఆయనదే. ఆయన ఆనందభైరవి ఎత్తుకుంటే పందిట్లో పిల్లలు ఏడుపు మానేవాళ్లని చెప్పుకుంటారు. ఆ ఏడు శీతాకాలం నుంచి దగ్గు వదలడం లేదు. భార్య ఖైరూన్ బీ పోరు పడలేక ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని వచ్చాడు. తొమ్మిదో రోజున రిపోర్టు గుమ్మంలో నిలబడింది.

ఆయన పారిపోలేదు. గునపం తీసుకోలేదు. లేచి నిలబడి రిపోర్టుకు నమస్కారం చేశాడు.

"లోపలికి రాండి. ఖైరూన్, కుర్చీ ఎయ్" అన్నాడు.

వజ్రమ్మ ఫారం చాపి, "సంతకం పెట్టండి సాయిబు గారా. పెట్టి, ఆ రెండు మాటలు అడిగేయండి. నేనున్నా గదా ఈడ" అంది.

ఆయన సంతకం పెట్టాడు. "నవమి పోనీ వజ్రమ్మా" అన్నాడు.

"నవమికీ దీనికీ ఏం సంబంధం?"

"మా నాయన కూడా సన్నాయే. ఆయనకు డాక్టరు చెప్పాడు, ఇంక ఊదొద్దు అని. ఆ రోజే పెట్టెలో పెట్టేశాడు. తర్వాత రెండేళ్లు బతికాడు. బతికాడని ఎవురూ అనుకోలా, ఆయన కూడా అనుకోలా. నాకు చావంటే భయం కాదమ్మా. తెలిస్తే మానాల. తెలియనంతవరకు ఊదుకోవచ్చు. అంతే."

వెనక నుంచి ఖైరూన్ బీ, "అడిగే హక్కు నాకుంటేనా" అంది. ఆ హక్కు ఆమెకు లేదు.

వజ్రమ్మ చాలామంది చాలా కారణాలు చెప్పగా విన్నది. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఆమె ఇంటికి నడుస్తూ, ధైర్యం అంటే ఇలా కూడా ఉంటుందా అనుకుంది. ఆయన మీద కోపం రావాల్సింది, గౌరవం వచ్చింది. ఆ గౌరవమే తర్వాత ఆమెను చాలా బాధపెట్టింది.

నవమి పోయింది. దసరా పోనీ అన్నాడు. తర్వాత ఎవరిదో షష్టిపూర్తి, ఆ తర్వాత మళ్లీ నవమి. రిపోర్టు ఆయన వెంటే కచేరీలకు వెళ్లసాగింది. సన్నాయి సంచి మోసేది. వెనక కూర్చుని శ్రుతిపెట్టె పట్టేది. ఇంతకు ముందు ఆ పని ఖైరూన్ బీ చేసేది. రిపోర్టుకు శ్రుతి జ్ఞానం బాగానే ఉందని డోలు వాయించేవాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఆయన దగ్గినప్పుడల్లా అది తల ఎత్తి చూసేది. ఆయన అటు తిరిగి దగ్గేవాడు.

వజ్రమ్మ వారానికోసారి వెళ్లి గుర్తుచేసేది. అది ఆమె డ్యూటీలో లేదు.

"మీరు అడగరు, అది చెప్పదు. మధ్యలో నా చెప్పులు అరుగుతున్నాయి" అనేది.

"నీ నడక పుణ్యాన నా ఇల్లు నీకు దగ్గరయింది గదా" అని నవ్వేవాడు. నవ్వు చివర దగ్గు వచ్చేది.

రెండో ఏడు జిల్లా నుంచి ఆరోగ్య ప్రచార అధికారి దివాకరం గారు జీపులో వచ్చారు. ప్రతి సందు మొదట్లో పెద్ద బోర్డు పెట్టించారు. 'రెండు వారాలకు మించి దగ్గా? ఈ రోజే అడగండి' అని ఎర్ర అక్షరాలు. రెండో రోజుకల్లా జనం బోర్డు దగ్గర కళ్లు మూసుకుని నడవడం నేర్చారు. ముసలివాళ్లు తడబడుతున్నారని పురపాలక సంఘం బోర్డు పొడుగునా పట్టుకోవడానికి తాడు కట్టించింది. దివాకరం గారు నొచ్చుకోలేదు. బోర్డులు పెట్టినట్టూ, వాటి ముందు రద్దీ బాగా ఉన్నట్టూ నివేదిక రాసుకున్నారు.

జీపు వెనక సీట్లో తెల్ల బట్టల్లో ఒకరు కూర్చుని ఉండటం వజ్రమ్మ చూసింది. బట్టలు పసుపు రంగుకు తిరిగాయి.

"ఎన్నాళ్లయింది సార్?" అని అడిగింది.

"పదకొండేళ్లు" అన్నారు దివాకరం గారు. "నాతోనే రిటైరవుతుందిలే అమ్మా."

ఆయన గొంతులో సిగ్గు లేదు. ఆప్యాయత ఉంది.

నాలుగో నవమి నాడు ఎండ విపరీతంగా ఉంది. పందిట్లో తాటాకు విసనకర్రలు ఆడుతున్నాయి. వజ్రమ్మ ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది. పురోహితుడు మంగళసూత్రం పైకెత్తి జనానికి చూపించాడు. గట్టిమేళం మొదలైంది. డోళ్లు ఒక్కసారిగా లేచాయి, సన్నాయి వాటి మీదికి ఎగసింది. ఎగసిన చోటే తెగింది.

నన్నేసాహెబ్ బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి రాలేదు. మళ్లీ పట్టాడు. ఈసారి సన్నాయికి బదులు దగ్గు పలికింది. ఆపుకోలేని దగ్గు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు, తీసేసరికి కండువా ఎర్రగా ఉంది. పురోహితుడి చేతిలో సూత్రం గాల్లోనే ఆగిపోయింది. డోళ్లు ఏం చేయాలో తెలియక చిన్నగా కొట్టుకుంటున్నాయి. మేళం లేకుండా సూత్రం కట్టడం ఆ ఊరు ఎరగదు.

అప్పుడు ఆయన వెనక నుంచి ఖైరూన్ బీ ముందుకు జరిగి, ఆయన చేతిలోని సన్నాయి తీసుకుని, నోట్లో పెట్టుకునే పీకను కొంగుతో తుడిచి, ఊదింది. ఆయన ఊళ్లో లేని రోజుల్లో ఆమె తలుపులు వేసుకుని ముప్పై ఏళ్లుగా ఊదుకుంటున్న సంగతి ఆయనకే తెలియదు. గట్టిమేళం పందిరి దాటి బజారు దాకా వినపడింది. సూత్రం పడింది, తలంబ్రాలు లేచాయి. వజ్రమ్మ కళ్లు తుడుచుకుంది.

నన్నేసాహెబ్ భార్య వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పక్కకు తిరిగాడు. శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చున్న రిపోర్టు ముఖంలోకి చూసి, అంత జనంలో, గట్టిగానే అడిగాడు.

"నా సంగతేంది?"

పందిట్లో తల్లులు పిల్లల చెవులు మూశారు. రిపోర్టు శ్రుతిపెట్టె కింద పెట్టి గొంతు సవరించుకుంది. మూడేళ్లు వాడని గొంతు, దుమ్ము రాలినట్టు వచ్చింది. ముందు ఆయన పేరు, వయసు, ఎక్స్‌రే తీసిన తేదీ చదివింది. "కుడి ఊపిరితిత్తి పైభాగంలో గోరంత మచ్చ. క్షయ కావచ్చు. ఆరు నెలలు మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఇప్పుడే మొదలుపెట్టాలి" అంది. అని కాగితమై ఆయన ఒళ్లో పడింది.

ఆయన తేదీ మళ్లీ చూసుకున్నాడు. తల ఎత్తి జనంలో వజ్రమ్మను వెతికి పట్టుకున్నాడు.

"ఆరు నెలలేనంట వజ్రమ్మా" అన్నాడు. "ఊదొద్దని కూడా లేదు ఇందులో."

మూడేళ్లు వజ్రమ్మ ఆ రిపోర్టు పక్కన నడిచింది, కూర్చుంది. అందులో ఉన్నది వరమని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

మర్నాడే ఆయన మళ్లీ ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఈసారి తొమ్మిదో రోజు దాకా ఆగలేదు, ల్యాబు బల్ల మీదే కూర్చున్నాడు. రిపోర్టు కాగితం కిటికీ దాకా రాగానే ఎదురెళ్లి అడిగాడు. కుడి ఊపిరితిత్తి సగానికి పైగా పోయింది. మందులు ఏడాదిన్నర వాడాలి. బతుకుతాడు. సన్నాయి మాత్రం ఇక కుదరదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే" అన్నాడు. ఖైరూన్ బీ కూడా పరీక్ష చేయించుకుంది. ఆమె అయితే లోపలి గదికే వెళ్లి, రిపోర్టు మీద సిరా ఇంకా ఆరకముందే అడిగేసింది. ఏమీ లేదు. ఆ ఊళ్లో అంత త్వరగా అడిగిన మనిషి మరొకరు లేరని ల్యాబు రికార్డుల్లో ఉంది.

నన్నేసాహెబ్ మందులు ఒక్క పూట తప్పలేదు. ఖైరూన్ బీ కచేరీలకు సన్నాయి పట్టుకుంటే ఆయన పక్కన కూర్చుని చేత్తో తాళం వేసేవాడు. తన తండ్రిలా పెట్టె మూసి కూర్చోలేదు. తప్పిన స్వరం దగ్గర కనుబొమ ఎగరేసేవాడు, ఆమె సర్దుకునేది. దాన్ని చూడటానికే పక్క ఊళ్ల నుంచి జనం వచ్చేవాళ్లు.

ఈ ఉదంతం మీద పురపాలక సంఘం ప్రత్యేక సమావేశం జరిపింది. మూడేళ్లు దాటిన రిపోర్టు చెప్పేది పాత కబురేనని రుజువైంది కాబట్టి, మూడేళ్లు నిండిన రిపోర్టులకు కాలం చెల్లినట్టు ప్రకటిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఊళ్లో పెద్ద ఊరట కలిగింది. ఎంత పెద్ద కబురైనా మూడేళ్లు ఓపిక పడితే చాలని అందరికీ అర్థమైంది. రెండేళ్ల పదకొండు నెలలు నిండినవాళ్లు ముందుగానే మిఠాయిలు పంచారు. కాలం చెల్లిన రిపోర్టులు మాత్రం ఇళ్లు వదిలిపోలేదు. ఆ తీర్మానం కాపీ వాటికి పంపాలని ఎవరికీ తోచలేదు. దివాకరం గారు అభినందన లేఖ రాశారు.

ఆ తీర్మానం చదివిన రోజు వజ్రమ్మ ఆఫీసులో మొదటిసారి గొంతు పెంచింది.

"ఆయనకు జరిగింది చూసి మీకు అర్థమైంది ఇదా?"

"మెజారిటీ అభిప్రాయం అమ్మా" అన్నాడు గుమాస్తా. అతను చెడ్డవాడు కాదు.

ఆ నెలలోనే సిబ్బందికి తప్పనిసరి ఆరోగ్య పరీక్షలు జరిగాయి. వజ్రమ్మ కూడా రక్తం ఇచ్చి వచ్చింది. ఎనిమిది రోజులూ పనిలో పడి ల్యాబు కిటికీ వైపు వెళ్లడం ఆమెకు కుదరలేదు. రోజూ ఆ కిటికీ ముందు నుంచే రిపోర్టుల్ని తీసుకెళ్లేది, అయినా కుదరలేదు. తొమ్మిదో రోజు వరసలో చివర నిలబడ్డ తెల్ల బట్టల మనిషి ఆమె చేయి పట్టుకుని వదల్లేదు. మిగతా వాటన్నిటినీ ఇళ్లకు చేర్చాక, దాన్ని వెంటపెట్టుకుని తన ఇంటికి నడిచింది. ఫారంలో అప్పగించినవారు అన్నచోట వజ్రమ్మ అని రాసింది, అందుకున్నవారు అన్నచోట కూడా అదే రాసింది. రెండు కాపీలు.

ఆమెకు అన్నీ తెలుసు. అడగడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు, అడగకపోతే ఏమవుతుందో ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలుసు. రిపోర్టుకు కుర్చీ వేసి, ముఖం కడుక్కుని వచ్చి, దాని ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది. "బాగున్నావా" అంది.

కబురు తెలిసి నన్నేసాహెబ్ ఆ ఆదివారం వచ్చాడు. చేతికర్ర గోడకు ఆనించి రిపోర్టు పక్కన కూర్చున్నాడు.

"నేనున్నా గదా. అడుగు" అన్నాడు.

"అడుగుతా సాయిబు గారా. ఒంట్లో నలతగా ఉంది. వచ్చే ఆదివారం."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తనకు తెలిసిన చూపే. "సరే, వచ్చే ఆదివారం" అన్నాడు.

తర్వాతి ఆదివారం వచ్చాడు. ఆ తర్వాతదీ వచ్చాడు. ఏ ఒక్కసారీ ఆమెను గద్దించలేదు. తనను మూడేళ్లపాటు ఆమె ఎలా ఓర్చుకున్నదో, అలాగే ఓర్చుకున్నాడు. లోకాభిరామాయణం మాట్లాడుకునేవాళ్లు. ఖైరూన్ కొత్తగా నేర్చిన కీర్తన గురించి, పొగాకు ధర గురించి, ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లు. రిపోర్టు మధ్యలో కూర్చుని ఇద్దరివైపూ మార్చి మార్చి చూసేది.

ఆరో ఆదివారం రిపోర్టు తనంతట తానే లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి రెండు గ్లాసుల్లో టీ పెట్టి తెచ్చింది. నన్నేసాహెబ్ గ్లాసు ఆయనకిచ్చింది. వజ్రమ్మ గ్లాసు ఆమెకిచ్చి, అక్కడే నిలబడింది.

వజ్రమ్మ ఒక గుక్క తాగింది. అందులో చక్కెర లేదు.

అలా చేయడం నియమాలకు విరుద్ధమో కాదో చెప్పడం కష్టం. రూలులో నోరు అనే ఉంది, చేయి అని లేదు. నన్నేసాహెబ్ తియ్యగా ఉన్న తన టీ రుచి చూసి, ఆమె ముఖం చూసి, గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు అర్థమైంది. ఆమెకూ అర్థమైందని ఆయనకు అర్థమైంది. రిపోర్టు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కాగితం తడిస్తే అక్షరాలు చెదురుతాయని ఆపుకుంటోంది.

వజ్రమ్మ గ్లాసు పట్టుకుని లేచింది. వంటింట్లోకి వెళ్లి, చక్కెర డబ్బా మూత తీసి, రెండు చెంచాలు వేసుకుని, నిదానంగా కలుపుకుంది. వచ్చి తన చోట కూర్చుని, ఇంకో గుక్క తాగింది.

"ఈ ఏడు ఎండలు ముందే వచ్చినట్టున్నాయి సాయిబు గారా" అంది.

"అవునమ్మా" అన్నాడు నన్నేసాహెబ్. "ముందే వచ్చాయి."